నర్సమ్మ ఇచ్చిన కొమ్మ

మళ్ళీ రాలింది.

బూట్ల లేసు కట్టుకోవడానికి వంగిన లిఫ్టు మెకానిక్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అద్దాల వరండాలో, గంధరాజం కుండీ పక్కన, గచ్చు మీద ఆకుపచ్చని మొగ్గ ఒకటి పడి ఉంది. పిండి మెలితిప్పిన గుడ్డలా బిగుసుకున్న మొగ్గ. నిన్న సాయంత్రం అది కొమ్మ చివర నిటారుగా నిలబడి ఉంది. ముట్టుకుని మరీ చూశాడు.

"ఎవరో కావాలని చేస్తున్నారు," అన్నాడు.

లోపల కుట్టుమిషను ఆగింది. భార్య దర్జీ. తెల్లారకముందే పని మొదలుపెడుతుంది, నోట్లో దారం పట్టుకునే మాట్లాడుతుంది.

"ఏం చేస్తున్నారు?"

"మొగ్గలు తుంచి పారేస్తున్నారు."

"అవునవును. ఊళ్ళో దొంగలకి ఇంకేం పని లేదు. నగలూ నట్రా వదిలేసి మీ మొగ్గల కోసం గోడ దూకుతున్నారు."

"గోడ దూకలేదు. గేటు తీసుకునే వచ్చాడు. ఇలా రా."

ఆమె దారం తెంపి బయటికి వచ్చింది. రాత్రి కురిసిన మంచు పెరటి బాట మీద తెల్లగా, పలచగా పేరుకుని ఉంది. ఆ తెలుపు మీద గేటు నుంచి వరండా మెట్టు దాకా పెద్ద పెద్ద చెప్పుల గుర్తులు. మెట్టు నుంచి మళ్ళీ గేటు దాకా. గేటు గడియ తీసి ఉంది.

ఆమె వెటకారం మానేసింది. "మీ చెప్పులు కావుగా?"

"నా కాలు ఇందులో రెండుసార్లు పడుతుంది."

వంటింట్లోంచి అత్తగారు పళ్ళెంలో తరిగిన యాపిల్ ముక్కలు పట్టుకుని వచ్చింది. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి ఆవిడకి అల్లుడి మీద ఎక్కడలేని ఆపేక్ష పుట్టుకొచ్చింది. అంతకుముందు ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో కూడా పట్టించుకునేది కాదు.

"ముందు ఇది తినండి అల్లుడుగారూ. మీ దయ వల్లే కదా ఇవన్నీ," అంది.

ఆ దయ ఏమిటో ఆయనకి అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు. ఒక ముక్క నోట్లో వేసుకుని, రాలిన మొగ్గని జేబులో వేసుకున్నాడు, ఆధారం కింద.

ఆ మొక్క వెనక ఒక కథ ఉంది.

కూతురు చిట్టి నెలలు నిండకుండా పుట్టింది. అరచేతిలో పట్టేంత బిడ్డ. ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. బతుకుతుందని ఎవరూ గట్టిగా చెప్పలేదు, ఒక్క నర్సమ్మ తప్ప. ఆవిడ కూడా గట్టిగా చెప్పలేదు, పని చేసుకుంటూ పోయిందంతే. డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళేది కాదు. పెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, పాపాయి ఊపిరి మరిచిపోయినప్పుడల్లా వేలితో అరికాలు గీరి గుర్తు చేసేది.

ఇంటికి పంపించే రోజున తల్లి చేతుల్లో బిడ్డ ఉంది, అమ్మమ్మ చేతుల్లో బట్టల మూట ఉంది. మెకానిక్ గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పాల్సింది గొంతు దాకా వచ్చి, రెండు అంతస్తుల మధ్య లిఫ్టులా ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. నర్సమ్మ ఆయన్ని చూసి, తడి దూదిలో చుట్టిన చిన్న కొమ్మ ఒకటి చేతిలో పెట్టింది.

"గంధరాజం. మా ఇంటి మొక్కది. ఇక్కడి నుంచి వెళ్ళే తండ్రులందరికీ ఒకటి ఇస్తాను," అంది. "ఖాళీ చేతులతో నిలబడితే మగవాళ్ళు కంగారు పడతారు. దీన్ని బతికించుకో. పిల్లని చూసుకోవడానికి చెయ్యి అలవాటవుతుంది."

ఆ కొమ్మ పెట్టిన తిప్పలు చిట్టి కూడా పెట్టలేదు. ఏడాది పొడుగునా ఆకు రాల్చదు, చూడటానికి మహా గట్టిదానిలా ఉంటుంది గానీ చలిగాలి సోకితే చాలు, నల్లబడిపోతుంది. కుళాయి నీళ్ళు పోస్తే ఆకులు పసుపెక్కాయి. వాన నీళ్ళు డ్రమ్ములో పట్టి పోయడం మొదలుపెట్టాడు. సున్నం తగిలిన మట్టి పడలేదు. ఆకులు కుళ్ళిన ఎరువు తెచ్చి మట్టి మార్చాడు. ఎండలు ఉన్నన్నాళ్ళూ పెరట్లో, చలి మొదలవగానే అద్దాల వరండాలో. కుండీ పెద్దదయ్యాక దాని కింద లిఫ్టు చక్రాలు బిగించాడు. చిట్టి బడికి వెళ్ళే వయసొచ్చింది. మొక్క ఆయన నడుము దాటింది. పువ్వు మాత్రం లేదు.

ఆస్పత్రి లిఫ్టు చూసే కాంట్రాక్టు ఆయనదే. వెళ్ళినప్పుడల్లా నర్సమ్మ కనిపించేది.

"మన మొక్క ఎలా ఉంది?"

"ఆకు బాగుందమ్మా."

"పూస్తే ఒకసారి చూపించు. ఇంతమందికి ఇచ్చానా, ఒక్కటి పూసినట్టు ఇప్పటిదాకా వినలేదు. మొదటి చలికే పోగొట్టుకుంటారు. మా ఇంట్లో తల్లి మొక్క కూడా పోయింది. ఇక మిగిలిందల్లా నీ దగ్గరున్నదే."

ఈ ఏడు మొట్టమొదటిసారి మొగ్గలు వేసింది. కొమ్మకొమ్మకీ వేసింది. ఆ మాట చెబుదామని పరిగెత్తుకుంటూ వెళితే, నర్సమ్మ తనే ముందు చెప్పింది. ఉద్యోగం అయిపోయింది. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి తమ్ముడి ఊరు వెళ్ళిపోతోంది. మళ్ళీ రావడం ఉండదు.

"ఆదివారం లోపు పూయిస్తాను," అన్నాడు మెకానిక్.

"పూయించడానికి అదేమన్నా మీట నొక్కితే వచ్చేదా," అని నవ్వింది ఆవిడ. కానీ కళ్ళలో ఆశ కనిపించింది. ఆయన దాన్ని చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది.

ఆ మరుసటి రోజు నుంచే మొగ్గలు రాలడం మొదలైంది.

మెకానిక్ బుర్ర ఒక్కటే దారిలో నడుస్తుంది. నిన్న నడిచింది, ఇవాళ ఆగింది. మధ్యలో ఏం మారింది? నీళ్ళు మారలేదు, మట్టి మారలేదు, వెలుతురు మారలేదు. మారింది ఒక్కటే. గేటులోంచి ఒక మనిషి వస్తున్నాడు. గేటు గడియ తీసి కనిపించిన రోజుల తర్వాతే మొగ్గలు రాలుతున్నాయి. అనుమానం నేరుగా పక్కింటి డ్రిల్లు మాస్టారి మీదికి వెళ్ళింది. వాన నీళ్ళ డ్రమ్ము వల్ల దోమలొస్తున్నాయని ఆయన వేసవిలో పెద్ద గొడవ చేశాడు.

"మాస్టారి మోకాళ్ళు మన మెట్టే ఎక్కలేవు. మొగ్గలెక్కడ తుంచుతాడు?" అంది భార్య.

"పట్టుకుంటే తెలుస్తుంది."

శుక్రవారం సాయంత్రం, విప్పేసిన పాత లిఫ్టులోంచి తెచ్చిన తలుపు స్విచ్ ఒకటి గేటుకి బిగించాడు. దానికి అదే లిఫ్టు మాటల పెట్టె తగిలించాడు. ఎవరు గేటు తోసినా మోగుతుంది. అత్తగారు ఆ వైర్లన్నీ చూసి, "కాలు పెడితే షాకు కొడుతుందా?" అని అడిగింది. కొట్టదంటే కాస్త నిరాశపడింది కూడా.

శనివారం తెల్లవారుతుండగా పెరట్లోంచి ఒక ఆడగొంతు ఖంగుమంది.

"దయచేసి తలుపులు మూయండి. దయచేసి తలుపులు మూయండి."

మెకానిక్ పెద్ద పానా పట్టుకుని పరిగెత్తాడు. వెనకాలే భార్య, చేతిలో గుడ్డలు కోసే కత్తెర. ఆమె వెనక దుప్పటి కప్పుకుని చిట్టి.

గేటు దగ్గర ఎవరూ పారిపోవడం లేదు. ఉన్ని టోపీ పెట్టుకున్న భారీ మనిషి ఒకాయన, పండ్లబుట్ట గుండెలకి హత్తుకుని, రాయిలా నిలబడిపోయి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బాబూ, ముందు ఆ గొంతు ఆపు," అన్నాడు. "ఆవిడ మాట వింటే నాకు కాళ్ళాడవు."

మెకానిక్ తీగ పీకేశాడు. మనిషిని ఎరగడు. కానీ ఆ మనిషి గొంతు తెలుసు. ఒక పూట పొడుగునా తలుపు అవతలి నుంచి విన్న గొంతు.

వానాకాలంలో ఒక పాత భవనంలో, ఇదే ఆడగొంతున్న లిఫ్టు ఇరుక్కుంది. లోపల ఒక్కడే ముసలాయన. కరెంటు లేదు, ఊపిరాడటం లేదని తలుపు బాదుతున్నాడు. ఇరుక్కున్నవాళ్ళతో మాట ఆపకూడదన్నది మెకానిక్ నియమం. చేతులు గొలుసు మీద ఉన్నా నోరు లోపలి మనిషి మీదే ఉంటుంది. ఏం పని చేసేవారని అడిగాడు. పండ్ల మండీ అన్నాడాయన. అయితే మంచి యాపిల్ ఎలా ఏరాలో చెప్పమన్నాడు. యాపిల్ అయ్యాక అరటి, అరటి అయ్యాక బొప్పాయి. దానిమ్మ దగ్గరికి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. ముసలాయన కళ్ళు తుడుచుకుని చూసేలోపు మెకానిక్ పెట్టె సర్దుకుని మెట్లు దిగిపోయాడు. ఎవరైనా కృతజ్ఞత చెప్పబోతే కందిరీగ వెంటపడ్డట్టు పారిపోవడం ఆయనకి మామూలే.

"నువ్వు నిలబడితే కదా చెప్పడానికి," అన్నాడు పండ్ల పెద్దాయన. "మీ ఆఫీసుకి వచ్చాను, నువ్వు లేవన్నారు. అవును, లోపలి నుంచి ఎవరో 'లేనని చెప్పు' అనడం నాకూ వినిపించింది. అందుకని మా వాడి మండీకి సరుకు దిగిన రోజల్లా ఒక బుట్ట మెట్టు మీద పెట్టి వెళ్ళిపోతున్నా. ఇచ్చినవాడు తెలియకపోతే వెనక్కి ఇవ్వలేవు కదా."

భార్య మొగుడి వైపు తిరిగింది. "ఈ బుట్టలు మా అమ్మ బండివాడి దగ్గర కొంటోందనుకున్నాను."

"నీ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్ళు ఇస్తున్నారనుకున్నాను నేను," అన్నాడు మెకానిక్.

ఇద్దరూ వరండా వైపు చూశారు. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"అల్లుడుగారు నా కోసం తెస్తున్నారనుకున్నా," అంది మెల్లగా. "వీధిలో అందరికీ చెప్పాను కూడా." లోపలికి వెళ్ళిపోయింది.

మెకానిక్‌కి చేతిలో పానా బరువెక్కింది. అది ఎక్కడ పెట్టాలో తోచక, "మరి మొగ్గలెందుకు తుంచారు?" అని పెద్దాయన్ని అడిగాడు, అడగాలి కాబట్టి.

"ఏ మొగ్గలు?"

వరండాలోకి తీసుకెళ్ళి చూపించారు. నిగనిగలాడే ఆకుల మధ్య ఇప్పుడు ఒకే ఒక్క మొగ్గ మిగిలింది. కింద గచ్చు మీద ఇంకొకటి అప్పుడే రాలి ఉంది. పెద్దాయన మొక్కని చూడలేదు. గాలి పీల్చాడు. కుండీ వెనక, ఇంట్లోకల్లా వెచ్చని మూలలో, గోనెసంచి కప్పిన గంప ఉంది. సంచి ఎత్తాడు. యాపిల్స్, అరటిపళ్ళు. మగ్గిన వాసన గుప్పుమంది.

"ఇవి ఇక్కడ ఎవరు పెట్టారు?"

"అమ్మమ్మ మాగబెడుతోంది, నాకే. మొన్నమొన్ననే ఇక్కడికి మార్చింది," అంది చిట్టి.

పెద్దాయన గంప పక్కన కూలబడినంత పని చేశాడు. "దీన్ని చంపుతున్నది నేనే నాయనా. పండు మగ్గేటప్పుడు ఒక ఆవిరి వదులుతుంది. ఒకటి పండితే పక్కనున్నవన్నీ పండుతాయి చూడు, అదే. పండ్లకి అది మంచిదే, మొగ్గకి విషం. తొడిమ వదిలేస్తుంది. మా మండీలో పూల బండిలోకి పండ్ల పెట్టె ఎక్కనివ్వం. అలాంటిది ఇంత చిన్న గదిలో, తలుపులన్నీ బిగించి, బుట్టలకి బుట్టలు..."

ఆయన ఎంత ఎక్కువ పంపితే అంత ఎక్కువ రాలాయి. పెద్ద బుట్ట పంపిన మర్నాడే మొక్క సగం ఖాళీ అయింది.

మెకానిక్‌కి కోపం రావాలి. రాలేదు. కృతజ్ఞత చెప్పలేక మూగబోయి తను ఒక కొమ్మని పట్టుకుని ఏళ్ళు గడిపాడు. తను చెప్పనివ్వక పారిపోతే ఇంకొకాయన చీకట్లో బుట్టలు మోశాడు. తలుపు అవతల నిలబడితే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

"గంప పట్టండి," అన్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని వంటింటి అవతలికి మోశారు. ఎండ ముదిరాక అద్దాలన్నీ తెరిచి, గాలి బాగా ఆడనిచ్చి మళ్ళీ మూశారు. రోజంతా ఎవరూ మొక్కని ముట్టుకోలేదు. ముట్టుకోబోయిన చిట్టిని భార్య, ముట్టుకోబోయిన మొగుణ్ణి చిట్టి ఆపారు.

ఆదివారం పొద్దున ఆ ఒక్క మొగ్గ కొమ్మ మీదే ఉంది. ఆకుపచ్చ మెలిక ఒకవైపు విడివడి, లోపల సన్నని తెల్లని గీత కనిపిస్తోంది.

బయట గడ్డ కట్టే చలి. పండ్ల పెద్దాయన కొడుకు వ్యాను తెచ్చాడు. రాత్రే కడిగించి, తలుపులు బార్లా తీసి ఆరబెట్టాడట. కావాలంటే వాసన చూసుకోమన్నాడు. భార్య నిజంగానే లోపల తల పెట్టి చూసింది. కుండీని చక్రాల మీద గేటు దాకా తోసి, చిట్టి బొంత చుట్టి, వ్యాన్లోకి ఎక్కించారు. మెకానిక్ ముందు సీటులో కాలు పెట్టాడు.

ఫోన్ మోగింది.

ఆదివారం డ్యూటీ ఆయనదే. ఊరికి ఆ చివర, ఎత్తు భవనం. లిఫ్టు ఆగిపోయింది, లోపల ఒకావిడ ఉంది, ఏడుస్తోంది.

బస్టాండు ఈ వైపు. ఆ భవనం ఆ వైపు. రెండూ అయ్యే పని కాదు. మెకానిక్ ఒక కాలు వ్యాన్లో, ఒక కాలు నేల మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకెవరికైనా చెప్పలేరా?" అంది భార్య. అంటూనే తల అడ్డంగా ఊపింది. ఎవరూ లేరని ఆమెకీ తెలుసు.

"దిగు బాబూ," అన్నాడు పండ్ల పెద్దాయన. "మొక్కని మేం తీసుకెళ్తాం. లోపల ఉన్న మనిషికి బయట ఒకడు ఉన్నాడని తెలియాలి. అదెంత అవసరమో నాకు తెలుసు."

మెకానిక్ దిగాడు. బొంత అంచు ఎత్తి మొగ్గని ఒకసారి చూసుకున్నాడు. "నర్సమ్మతో చెప్పు..." అని భార్యతో అన్నాడు. మిగతాది మళ్ళీ గొంతులోనే ఆగింది.

"చెప్తాలెండి. ఏళ్ళ తరబడి దాచుకున్నది ఒక్కసారే చెప్తాను. వెళ్ళండి."

ఎత్తు భవనంలో ఇరుక్కున్నావిడ లెక్కల టీచరు. తలుపు సందులోంచి మెకానిక్, తనకి చిన్నప్పటి నుంచీ భాగహారం రాదని చెప్పాడు. మొదట ఆవిడ ఏడుస్తూ చెప్పింది, తర్వాత విసుక్కుంటూ చెప్పింది, చివరికి "ఇంత చిన్న విషయం ఎలా అర్థం కాదండీ మీకు" అని కసురుకుంటూ ఉండగా తలుపు తెరుచుకుంది.

ఆవిడ బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. మెకానిక్ అలవాటుగా పెట్టె మూసి మెట్ల వైపు తిరిగాడు. మూడో మెట్టు మీద ఆగాడు. వెనక్కి వచ్చాడు. ఏం చెయ్యాలో తెలియక టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరు మాట్లాడకపోయుంటే నా గుండె ఆగిపోయేదండీ," అంది ఆవిడ. ఇంకా చాలా చెప్పింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ కదల్లేదు. ఆఖరి మాట దాకా విన్నాడు.

"మీ ఇల్లెక్కడో చెబితే ఏమైనా..."

"పండ్లు మాత్రం పంపకండి," అన్నాడు.

బస్టాండు చేరేసరికి బస్సు వెళ్ళిపోయింది. హీటరు ఉన్న విశ్రాంతి గదిలో, బల్ల మీద భార్య, పండ్ల పెద్దాయన, వాళ్ళ మధ్య కుండీ, కుండీని కౌగిలించుకుని చిట్టి. గదిలో ముందుగా ఆయనకి తగిలింది మనుషులు కాదు, సువాసన. తీయగా, చల్లగా, తలుపు తీసిన ప్రతివాడినీ ఒక్క క్షణం ఆపేస్తోంది. బొంత మధ్యలోంచి తెల్లని రేకులు సగం విచ్చుకుని ఉన్నాయి.

"నర్సమ్మ కళ్ళ ముందే విచ్చుకుంది," అంది భార్య. ఆమె కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. "బస్సు పిలిచేదాకా ముఖం దాని దగ్గరే పెట్టుకుని కూర్చుంది. చిట్టి పాదం పట్టుకుని చూసి, ఈ అరికాలు నాకు తెలుసంది. మీరెందుకు రాలేదో చెప్పాను. అలాంటి పని వదిలేసి వచ్చుంటే నేనే తిట్టేదాన్నంది."

"పువ్వు తీసుకెళ్ళలేదేం? ఆవిడ కోసమే కదా."

"కోసివ్వబోయాను. వద్దని, సంచిలోంచి కత్తెర తీసి చిన్న కొమ్మ కత్తిరించుకుంది. రుమాలు తడిపి చుట్టుకుంది. 'ఆ రోజు ఆయన చేతులు ఖాళీ, ఇవాళ నావి ఖాళీ. నాకు ఇది చాలు, పువ్వు ఆయన చూడాలి' అంది. మీరు చెప్పాలనుకున్నదంతా చెప్పాను. విని, 'నాకు ఆ రోజే వినిపించిందమ్మా' అంది."

మెకానిక్ కుండీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముఖం పువ్వు దగ్గరికి వంచాడు. లేచి, పండ్ల పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు లేకపోతే ఈ ఒక్కటీ దక్కేది కాదు పెద్దాయనా. మీ మేలు..."

"అయ్యో, దానిదేముంది, వ్యాను తాళం ఎక్కడ పెట్టాను," అంటూ పెద్దాయన గబగబా గుమ్మం వైపు నడిచాడు.

"ఇంకొకాయన బయల్దేరాడు," అంది భార్య.

ఇంటికి వస్తూ దారిలో మెకానిక్ వ్యాను ఆపించి దిగాడు. పండ్ల మండీ ఆసామి వ్యాన్లోంచి దిగి వేరే కొట్లో పండ్లు కొనడమేమిటని పెద్దాయన నొచ్చుకున్నాడు. ఇది నేనే కొనాలి అన్నాడు మెకానిక్. బుట్టని బయటే, వ్యాను పైన కట్టించాడు.

అత్తగారు గుమ్మంలోనే ఎదురైంది. ఆయన బుట్ట ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"ఇది మాత్రం నేనే తెచ్చాను అత్తయ్యా. మీ కోసమే."

ఆవిడ ఒక పండు తీసి నొక్కి చూసింది. ఇంకొకటి తీసి చూసింది. అడుగునున్నది కూడా తీసి చూసింది. ముఖం విప్పారింది.

"మీరే తెచ్చారని తెలుస్తూనే ఉంది. ఏరడం రాదు, అన్నీ పచ్చివే. మాగబెట్టాలి."

నలుగురూ ఒక్కసారే గంధరాజం వైపు చూశారు.

"వంటింట్లో పెడతాలే," అంది అత్తగారు. "నాకు మాత్రం తెలియదూ."